పుట్టీ మారిస్తే బొమ్మ మారదు: కావలి మిత్రుడి ప్రశ్నకు జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. కావలికి చెందిన ఒక డిగ్రీ విద్యార్థి స్నేహితులతో కలిసి బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల కోసం 28 మి.మీ. బొమ్మలు సొంతంగా చేసుకోవాలనుకుంటున్నారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్‌తో కత్తి పట్టిన యోధుణ్ణి చేయబోతే ముఖం ముద్దగా, వేళ్లు వంకాయల్లా వస్తున్నాయట. విదేశీ పుట్టీ తెప్పించుకోవాలా, లేక ఆ డబ్బుతో త్రీడీ ప్రింటరే కొనుక్కోవాలా అని అడిగారు.

ఇప్పటికైతే రెండూ వద్దు. మీరు పెట్టిన ఫొటోలు చూశాను. అందులో తప్పు పుట్టీది కాదు, తల నుంచి పాదాల దాకా ఒకే ముద్దతో ఒకే విడతలో పూర్తి చేయాలన్న తొందరది. ముఖం దిద్దుతుంటే భుజం నలిగింది, భుజం సరిచేస్తుంటే ముక్కు పోయింది. యోధుడి వీపు మీద మీ బొటనవేలి ముద్ర గీతలతో సహా కనబడుతోంది. ఈ పద్ధతి మారకుండా ఎంత మంచి పుట్టీ తెచ్చుకున్నా ఆ వేలిముద్ర ఇంకాస్త ఖరీదైనది అవుతుంది, అంతే.

రెండు భాగాలు కలిపి వాడే ఏ పుట్టీ అయినా కలిపిన క్షణం నుంచి మారుతూనే ఉంటుంది. ఈ పనిలో నేర్చుకోవలసిన అసలు విద్య ఏ నిమిషంలో ఏ పని చేయాలన్నదే. గ్రీన్ స్టఫ్ అని పిలిచే నీలం-పసుపు పట్టీని ఉదాహరణగా తీసుకుందాం. కలిపాక మొదటి పావుగంట అది దేన్ని తాకితే దానికి అంటుకుంటుంది. చాలామంది ఈ జిగురు చూసి విసుక్కుని, సరిగ్గా ఇప్పుడే ముఖం దిద్దడానికి దిగుతారు. కానీ ఈ జిగురు ఉన్నది బొమ్మ లోపల ఎముకల్లా ఉండే తీగకూ, కింది పొరకూ పట్టించడానికి. ముద్దను దాని చోట నొక్కి, అంచులు కింది పొరలో కలిసిపోయేలా రుద్ది, పక్కన పెట్టి టీ తాగి రండి. అరగంట ప్రాంతంలో అది మెత్తగా ఉంటుంది కానీ చేతికి అంటదు. పెద్ద ఆకారాలన్నీ అప్పుడే రావాలి: ఛాతీ ఎటు తిరిగింది, తొడ ఎంత లావు, పంచె ఎటువైపు లాగి ఉంది. గంట దాటాక తోలులా బిగుస్తుంది. సూదితో గీస్తే గీత గీసినట్టే నిలుస్తుంది, అంచు పదునుగా వస్తుంది. బట్ట మడతల కొసలు, బొచ్చు, కత్తి పిడి మీద చుట్టిన తాడు, ఇవన్నీ ఆ చివరి అరగంట సొత్తు. ఆ తర్వాత చేయి తీసేయాలి. మర్నాటికి పూర్తిగా గట్టిపడ్డాక, దాని మీద ఇంకో పొర.

పైన చెప్పిన వేళలు చల్లటి గదికి. మన నెల్లూరు జిల్లాలో మే నెల మధ్యాహ్నం, ఫ్యాను వేడిగాలి తిప్పుతున్న గదిలో ఆ గంటన్నర దాదాపు సగమైపోతుంది. రెండు భాగాల ఈ పుట్టీ, అంటే ఎపాక్సీ, వేడికి త్వరగా గట్టిపడుతుంది. అందుకే ఎండాకాలంలో తెల్లవారుజామున కూర్చోండి, లేదా శనగగింజంత ముద్దలే కలపండి. కలిపింది మిగిలితే డీప్ ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది, సాయంత్రం మళ్లీ వాడుకోవచ్చు.

ఇక ఏ పుట్టీ అన్న ప్రశ్న. ఎం-సీల్ చెడ్డదేమీ కాదు. అది పైపులు అతకడానికి చేసిన సరుకు కాబట్టి కాస్త గరుకుగా ఉంటుంది, త్వరగా బిగుస్తుంది, సన్నటి అంచు నిలవదు. కానీ గట్టిపడ్డాక ఆకురాయితో చక్కగా అరుగుతుంది. లోపలి కండ, రాళ్లు, దిమ్మ, చెట్టు మొదలు, వీటికి హాయిగా వాడుకోండి. ఫెవిక్రిల్ మౌల్డిట్ దానికంటే నున్నగా వస్తుంది, మన ఊళ్ల స్టేషనరీ షాపుల్లోనూ దొరుకుతుంది. గ్రీన్ స్టఫ్ గట్టిపడ్డా కొంచెం వంగుతుంది కాబట్టి సన్నటి పట్టీలూ వేళ్లూ విరగవు. కానీ ఆ వంగే గుణం వల్లే దాన్ని అరగదీయడం నరకం. అది పట్టీ రూపంలో వస్తే, రెండు రంగులు కలిసే చోట సన్నగా ఒక గీత గట్టిపడి ఉంటుంది. దాన్ని బ్లేడుతో కోసి పారేశాకే కలపండి, లేకపోతే సరిగ్గా చెంప మీదకు పలుకు తగులుతుంది. పసుపు వాటా పెంచితే మెత్తగా, నీలం వాటా పెంచితే బిరుసుగా వస్తుంది. పాలిమర్ క్లే అనే ప్లాస్టిక్ మట్టి సంగతి వేరు. ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర కాల్చేదాకా అది గట్టిపడదు. గడియారం గొడవ లేదు కదా అని సంబరపడతారు గానీ, గట్టిపడని మట్టి మీద నిన్న చేసిన చెవి ఇవాళ చేయి తగిలి చదునవుతుంది. దాన్ని కూడా విడతలు విడతలుగా కాల్చుకోవాల్సిందే. కాల్చేది వంటకు వాడే ఓవెన్‌లో మాత్రం కాదు.

ఇప్పుడు మీ వంకాయ వేళ్ల లెక్క చూద్దాం. 28 మి.మీ. అంటే నిలబడ్డ మనిషి పాదం నుంచి కంటి మట్టం దాకా అని చాలామంది లెక్క. అంటే అసలు మనిషిలో సుమారు అరవయ్యో వంతు. మనిషి వేలు వెడల్పు 17 మి.మీ. అనుకుంటే బొమ్మ వేలు 0.3 మి.మీ. కూడా ఉండదు. కత్తి మందం 4 మి.మీ. అనుకుంటే బొమ్మలో అది 0.07 మి.మీ., వెంట్రుకంత. అలాంటి కత్తి ఉండదు, ఉన్నా ఆటలో మొదటి రౌండుకే విరుగుతుంది. కాబట్టి ఈ కొలతలో ఎవరూ శరీరాన్ని ఉన్నది ఉన్నట్టు చేయరు. చేయి కాస్త పెద్దది చేస్తారు, తల ఇంకాస్త పెద్దది చేస్తారు, కత్తిని అర మిల్లీమీటరు మందం ఉంచుతారు. చూసేవాడు బల్లకు రెండడుగుల దూరంలో ఉంటాడు. అక్కడికి చేరేది వేలు కాదు, వేళ్ల మధ్య నీడ. మీరు ఐదు వేళ్లు విడివిడిగా చుట్టి అతికించారు. అలా కాదు. పిడి చుట్టూ పిడికిలిని ఒకే చిన్న ముద్దగా పెట్టండి, తోలు దశ దాకా ఆగండి, బ్లేడు అంచుతో మూడు గీతలు నొక్కండి. నాలుగు వేళ్లు కనబడతాయి. బొటనవేలు మాత్రం మర్నాడు విడిగా, నువ్వుగింజంత ముక్కతో.

ముఖానికీ ఇదే సూత్రం. ముందురోజే, కావలసిన దానిలో మూడోవంతు తగ్గించి, తీగ కొసకు చిన్న గుండు చేసి గట్టిపడనివ్వండి. అది పుర్రె. దాని మీద అర మిల్లీమీటరు పొర వేసి, గుండ్రటి మొన ఉన్న పనిముట్టుతో కళ్ల చోట రెండు గుంటలు నొక్కండి. అలా నొక్కినప్పుడు మధ్యలోకి పొంగి వచ్చిన పుట్టీయే ముక్కు అవుతుంది. విడిగా ముక్కు అతికించేవాళ్లు పొరపడేది ఇక్కడే. దాని రెండు పక్కలా కిందికి లాగితే చెంపలు తేలతాయి. నోరు ఒక్క గీత, దాని కింద ఒక నొక్కు, అంతే పెదవి. కనుగుడ్లు చేయొద్దు. గుంటలో నీడ పడితే కన్ను ఉన్నట్టే కనబడుతుంది, రంగు వేసేటప్పుడు మిగతాది చూసుకోవచ్చు. నచ్చకపోతే మొత్తం తల పీకేసి ఇంకోటి చేయండి. తీగల మీద అరడజను తలలు ఒకేసారి మొదలుపెట్టి, బాగున్న దాన్నే మొండేనికి పెట్టడం ఈ పనిలో మామూలే.

పనిముట్ల కోసం ఆన్‌లైన్‌లో సెట్లు కొనకండి. దంతవైద్యుల సామాను అమ్మే షాపులో మైనం చెక్కే పనిముట్టు ఒకటి అడగండి. ఒక కొస చెంచాలా, రెండో కొస ఆకులా ఉంటుంది. సగం పని దానితోనే అవుతుంది. ఒక కుట్టు సూది, ఒక సర్జికల్ బ్లేడు, కంసాలి వాడే సన్న పట్టుకారు ఉంటే మిగతా సగం. నున్నటి చెక్క పనిముట్టు కావాలంటే ఉదయగిరి చెక్క చెంచాల్లో చిన్నది తీసుకుని కాడను గరుకు కాగితంతో సాన పట్టండి. ఆ చెక్క రేకలు లేవకుండా నున్నగా సాగుతుంది, పుట్టీ మీద గీత పడకుండా సవరించడానికి అంతకంటే మంచిది నాకు దొరకలేదు. ముద్దలు పరుచుకోవడానికి పాలిష్ చేసిన గ్రానైటు ముక్క బాగుంటుంది. ఒంగోలు, చీమకుర్తి వైపు రాళ్ల యూనిట్ల దగ్గర చెత్తలో పడేసేవి అడిగితే ఇస్తారు. గెలాక్సీ రకం మాత్రం తీసుకోకండి, ఆ బంగారు చుక్కల మీద చిన్న ముక్క పడితే వెతుక్కోవాలి.

తీగ విషయంలో మన పల్లెలకు ఉన్న సౌకర్యం పట్నాలకు కూడా లేదు. బోరు మోటార్లు కాలిపోయే ప్రతి ఊళ్లోనూ వైండింగ్ షాపు ఉంటుంది. 20వ నంబరు గేజీ రాగి తీగ అడగండి, 0.9 మి.మీ. ఉంటుంది, కాళ్లకూ వెన్నెముకకూ సరిపోతుంది. చేతులకు 22వ నంబరు, 0.7 మి.మీ. దాని మీద ఉండే లక్కలాంటి పూత మీద పుట్టీ జారిపోతుంది కాబట్టి గరుకు కాగితంతో గీకండి, లేదా రెండు సన్న తీగలు మెలిపెట్టి వాడండి. ఆ మెలికల్లోకి పుట్టీ దిగి పట్టుకుంటుంది. పాదాల కింద ఒక అంగుళం తీగ వదిలి దాన్ని బిరడాలో గుచ్చితే, ఇక బొమ్మను పట్టుకోనక్కర్లేదు, బిరడాను పట్టుకుంటారు. మీ బొటనవేలి ముద్రకు మందు ఇదే.

ఇంతకీ యోధుణ్ణి కొన్నాళ్లు పక్కన పెట్టమని నా సలహా. కొత్తవాళ్లంతా కత్తీ డాలూ పట్టిన మనిషితోనే మొదలుపెడతారు. చేతులు, ముఖం, బట్ట, ఆయుధం, కష్టమైనవన్నీ ఒకే బొమ్మలో. దానికి బదులు పులి-మేక సెట్టు చేయండి. మన గుడి మండపాల బండల మీద చెక్కి ఉండే ఆ గీతల ఆటే. 3 పులులు, 15 మేకలు. బల్ల మీద ఆడే ఆటకు మనకు ఇంతకంటే సొంత సొత్తు ఏముంది? నేర్చుకునేవాడికి అందులో అసలు లాభం ఆ పదిహేనులో ఉంది. ఒకే ఆకారాన్ని వరసగా చేస్తే చేతికి క్రమం పడుతుంది. ఐదారు తీగలు ఒకేసారి వంచి, అన్నిటికీ కండ వేసి, ఆఖరిదానికి వేసేసరికి మొదటిది తోలు దశకు వచ్చి ఉంటుంది. అంటే, ఖాళీగా కూర్చోవలసిన వేళే ఉండదు.

మేకల బదులు నెల్లూరు గొర్రెను పెట్టండి. ఆట నియమాలు తెలిసిన పెద్దలు అభ్యంతరం చెబితే చెప్పనివ్వండి. దేశంలోని గొర్రెల్లో ఎత్తైన జాతి ఇది. ఉన్ని కాకుండా పొట్టి వెంట్రుకలు కాబట్టి శరీరం గీత స్పష్టంగా కనబడుతుంది. పొడవాటి కాళ్లు, వేలాడే చెవులు, పొట్టి సన్నటి తోక, గొంతు కింద రెండు లోలకులు. పొట్టేలుకు మెలిక కొమ్ములుంటాయి, ఆడగొర్రెకు ఉండవు. అరవయ్యో వంతులో భుజం దగ్గర ఎత్తు 13 మి.మీ. వరకు వస్తుంది. కాళ్లకు తీగ ఎలాగూ ఉంటుంది, దాని మీద పుట్టీ పొర పొరలాగే ఉండాలి. తొడ దగ్గర, మోకాలి దగ్గర మాత్రం కాస్త ఉబ్బు చాలు. కాళ్లు లావైతే అది గొర్రె కాదు, పంది అవుతుంది.

రంగు వేసేటప్పుడు ఈ జాతి మీకు ఇంకో మేలు చేస్తుంది. నెల్లూరు గొర్రెలో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. పల్ల తెల్లగా, దొర పూర్తి గోధుమ రంగులో ఉంటాయి. జోడిపి తెలుపే గానీ కంటి చుట్టూ, మూతి మీద, కింది దవడ దగ్గర నల్లటి మచ్చలుంటాయి. అర మిల్లీమీటరు కన్ను గీయలేక చేతులు వణికే కొత్తవాళ్లకు ఇంతకంటే వరం లేదు. కంటి చోట ఒక నల్ల చుక్క పెడితే అటు మచ్చా అయిపోయింది, ఇటు కన్నూ అయిపోయింది. తెలుపును మాత్రం నేరుగా సీసాలోంచి వేయకండి. ముందు లేత బూడిద రంగు, ఆరాక నీళ్లలా పలచన చేసిన గోధుమ రంగు పోస్తే గుంటల్లోకి దిగి నిలుస్తుంది. ఆ తర్వాత ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తెలుపు. దిమ్మలకు 25 మి.మీ. వృత్తం కావాలి. 2011లో వచ్చిన రెండు రూపాయల నాణెం సరిగ్గా అంతే, దాన్ని పెట్టి గీసుకుని ప్లాస్టిక్ రేకు కత్తిరించండి. నాణేన్నే అంటించేయవద్దు, నాణేలను పాడుచేయడం చట్టరీత్యా నేరం.

పులి గురించి పెద్దగా చెప్పను. మార్కాపురం దాటితే నల్లమలే కానీ పులిని నిలబెట్టి కొలిచినవాళ్లు తక్కువ, అందరం ఫొటోలు చూసి చేసేవాళ్లమే. చారలు చెక్కకండి, అవి రంగుకు వదిలేయండి. భుజాలు తల కంటే ఎత్తులో ఉంచితే పొంచి నడుస్తున్నట్టు వస్తుంది.

ఇవి అయ్యాక యోధుడి దగ్గరికి పోయే ముందు ఒక ఒంగోలు గిత్త చేయండి. ఈ సైజులో 25 మి.మీ. ఎత్తు ఉంటుంది. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరుగుతున్నది ఈ జాతి సంతతే, మనూరి పేరే దానికి పెట్టుకున్నారు. కానీ నేను గిత్త చేయమనేది గర్వం కోసం కాదు, గంగడోలు కోసం. మెడ కింద వేలాడే ఆ పలచటి తోలు మడతల్లో యోధుడి అంగవస్త్రమూ, జెండా, పంచె కొంగూ చేసే కిటుకంతా ఉంది. గ్రానైటు ముక్క మీద పలచగా వాజిలిన్ రాసి, పుట్టీని అర మిల్లీమీటరు రేకుగా ఒత్తండి. వెంటనే తీయబోతే సాగి చిరుగుతుంది. తోలు దశ వచ్చేదాకా ఆగి, బ్లేడుతో ఆకారం కోసి, పట్టుకారుతో ఎత్తి పై అంచును మాత్రమే మెడకు అతికించండి. కింది అంచును వదిలేస్తే తన బరువుకే వాలుతుంది. మడతలు మీరు చెక్కనక్కర్లేదు, రేకును రెండు చోట్ల కొంచెం దగ్గరికి నెడితే అవే పడతాయి. అతికే చోట వాజిలిన్ మిగలకుండా తుడవడం మరిచిపోకండి. మూపురం ముందురోజే ఎం-సీల్‌తో చేసి పెట్టుకోండి. నిటారుగా నిలిచే ఆ మూపురం, మొదలు లావుగా ఉండే పొట్టి కొమ్ములు కుదిరితే, రంగు లేకుండానే ఎవరైనా గుర్తుపడతారు.

తీరప్రాంతపు తేమ సంగతి విదేశీ వీడియోల్లో చెప్పరు. సూపర్ గ్లూ తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన దగ్గర క్షణంలో పట్టుకుంటుంది గానీ, చుట్టూ తెల్లటి పొడిలాంటి పొర కక్కుతుంది. చుక్క కాదు, సూదిమొనతో అంటించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో స్ప్రే వార్నిష్ జోలికి పోవద్దు. నల్లటి మచ్చల జోడిపి మొత్తం పొగమంచులో నిలబడ్డట్టు తెల్లబడుతుంది. ఆ నెలల్లో బ్రష్‌తో వేసే నీటి వార్నిష్ వాడండి. ఒక గొర్రెకు సిలికాన్ అచ్చు తీసి, గట్టిపడే ద్రవమైన రెజిన్ పోసి నకళ్లు తీయాలన్న కోరిక పుడితే, పాలీయూరిథేన్ రెజిన్ కూడా తేమ తగిలితే నురగ కడుతుందని గుర్తుంచుకోండి. ప్లాటినం రకం సిలికాన్, గంధకం ఉన్న మోడలింగ్ మట్టికి తగిలితే అసలు గట్టిపడదు. పదిహేను గొర్రెలకు అచ్చు ఎందుకు అంటాను నేను. ఒకటి మేస్తూ, ఒకటి వెనక్కి చూస్తూ ఉంటేనే మంద.

ప్రింటర్ వద్దని అనను. మీకు కంప్యూటర్‌లో బొమ్మ గీయడం ఇష్టమైతే అది నిజమైన విద్యే. వేరెవరో గీసిన ఫైలు దింపుకుని ముద్రించడానికైతే మాత్రం, మీరు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. పైగా రెజిన్ వాసన, కడగడానికి ఆల్కహాల్, గాలి ఆడే గది, ఇన్ని కావాలి.

చేతి తొడుగులు. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పడదు. ఇవాళ ఏమీ కాకపోయినా కొన్నేళ్లు వట్టి చేతులతో కలిపాక ఒకరోజు దద్దుర్లు మొదలైతే ఇక ఆ పుట్టీ జన్మలో ముట్టుకోలేరు. మందుల షాపుల్లో దొరికే నైట్రైల్ తొడుగులు వేసుకుని కలపండి. అరగదీసేటప్పుడు గరుకు కాగితాన్ని నీళ్లలో ముంచి వాడితే ధూళి లేవదు. ఫ్రీజర్‌లో పెట్టే మిగులు ముద్దను మూత బిగించిన డబ్బాలో వేసి పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, వంటింట్లో ఎవరూ దాన్ని పిండి అనుకోకుండా.

తర్వాతి ఫొటో రంగు వేయకముందే తీసి పెట్టండి. ఎదురుగా ఫ్లాష్ వద్దు, ఒక పక్కన బల్బు ఉంచితే గుంటలు ఎక్కడ లోతు చాలలేదో ఇక్కడినుంచే చెప్పగలను. గొర్రె కాళ్లు కనబడేలా.